మడతకత్తి: బ్లేడులో వదులు దేనికి సంకేతం? లాక్‌ను ఎంతవరకు నమ్మాలి?

పుదుచ్చేరి: జేబులో ఇమిడే మడతకత్తి చూడడానికి చిన్న పనిముట్టే. అయితే తెరిచిన బ్లేడు పని మధ్యలో వెనక్కి మడుచుకుపోతే దాని దారికి అడ్డంగా ఉండేవి కత్తి పట్టుకున్నవారి వేళ్లే. ఆ ప్రమాదాన్ని నివారించడానికే బ్లేడును తెరిచిన స్థితిలో నిలిపి ఉంచే లాక్‌ను అమర్చుతారు. ఆ లాక్, బ్లేడు తిరిగే ఇరుసు ఏ స్థితిలో ఉన్నాయో బయటికి తెలియజేసే గుర్తు బ్లేడులోని వదులు. బ్లేడు కదలకపోతే లాక్ గట్టిదని, కొద్దిగా కదిలితే కత్తి పనికిరాదని చాలామంది భావిస్తారు. ఈ రెండు అభిప్రాయాలూ పూర్తిగా సరైనవి కావు. వదులు ఏ దిశలో ఉందన్నది, లాక్ ఏ తరహా బలాన్ని తట్టుకుంటుందన్నది వేర్వేరుగా పరిశీలించవలసిన విషయాలు.

1954 నవంబరు 1న పరిపాలన భారతదేశానికి బదిలీ అయ్యేవరకు ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న పుదుచ్చేరికి ఫ్రాన్స్‌తో భాషా, సాంస్కృతిక బంధాలు నేటికీ కొనసాగుతున్నాయి. మడతకత్తుల చరిత్రలో ఫ్రాన్స్‌ది ప్రముఖ స్థానం. అక్కడ పుట్టిన ఒపినెల్, లాగియోల్ కత్తులు రెండు భిన్నమైన ఆలోచనలకు ప్రతినిధులు: ఒకదానికి లాక్ ఉంటుంది, రెండోదాని సంప్రదాయ రూపానికి ఉండదు. మరోవైపు పుదుచ్చేరి నుంచి యానాం వరకు ఉన్న సముద్రతీరపు తేమ, ఉప్పుగాలి ఈ పనిముట్ల ఇరుసులపై, పిడులపై నేరుగా ప్రభావం చూపుతాయి.

మాటల వెనుక కథ

తెలుగులో కత్తి బ్లేడుకు ‘అలుగు’ అనీ, దాని పదునైన అంచుకు ‘వాదర’ అనీ పాత పేర్లున్నాయి. మడిచే చిన్న కత్తికి వాడుకలో ఉన్న ‘చాకు’ ఉర్దూ మీదుగా మనకు చేరింది. ఫ్రెంచిలో జేబుకత్తిని ‘కానిఫ్’ అంటారు. ఆ మాట, ఇంగ్లీషు ‘నైఫ్’ ఒకే జర్మానిక్ మూలానికి చెందినవి. యంత్రభాగాల మధ్య ఉండే వదులును మెకానిక్కులు ‘ప్లే’ అంటారు. తెలుగు ‘ఆడు’ అనే క్రియకూ క్రీడతో పాటు కదలడం అనే అర్థం ఉంది. గాలి ఆడడం, ఊపిరి ఆడడం వంటి ప్రయోగాలు అందుకు నిదర్శనం. కత్తి విషయంలో ‘ప్లే’ అంటే తెరిచి లాక్ పడిన తరువాత కూడా బ్లేడులో మిగిలి ఉండే అనవసరపు కదలిక.

వదులు ఎన్ని రకాలు?

ప్రధానంగా రెండు రకాలు. మొదటిది పక్కవాటు వదులు. పిడిని ఒక చేత్తో పట్టుకుని బ్లేడు వెన్నును మరో చేతి వేళ్లతో కుడి ఎడమలకు కదిపితే ఇది తెలుస్తుంది. ఇరుసు మర వదులు కావడం, బ్లేడుకు ఇరువైపులా ఉండే వాషర్లు అరగడం, రివెట్టు సాగడం దీనికి సాధారణ కారణాలు. మర బిగించి సరిచేసుకునే వీలున్న కత్తుల్లో ఇది చాలావరకు చిన్న సమస్యే.

రెండోది నిలువు వదులు. తెరిచిన బ్లేడును వెన్ను వైపు నుంచి వాదర వైపు, తిరిగి వెన్ను వైపు మెల్లగా ఒత్తినప్పుడు అది కొద్దిగా ఊగితే ఈ లోపం ఉన్నట్లు. దీనికి కారణం సాధారణంగా లాక్‌లోనే ఉంటుంది. లాక్ ముక్క బ్లేడు మొదలును పూర్తిగా ఆనకపోవడం, ఆనే ఉపరితలాలు అరిగిపోవడం, బ్లేడు తెరుచుకుని ఆగే చోట ఉండే ఆపుడు పిన్ను చితకడం వంటివి ఇందులో ఉంటాయి. ఇరుసు ఎంత బిగించినా ఈ లోపం పోదు. బిగించినప్పుడు బ్లేడు బరువుగా కదలడం వల్ల లోపం కొంతకాలం కనిపించకుండా పోవచ్చు. అందువల్ల భద్రత దృష్ట్యా నిలువు వదులును పక్కవాటు వదులుకంటే తీవ్రంగా పరిగణించాలి.

బ్లేడు పొడవు వల్ల చిన్న ఖాళీ కూడా పెద్దదిగా కనిపిస్తుంది. ఉదాహరణకు ఇరుసు నుంచి 8 మిల్లీమీటర్ల దూరంలో లాక్ ఆనే చోట 0.05 మిల్లీమీటరు ఖాళీ ఉందనుకుందాం. ఇరుసు నుంచి 80 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న బ్లేడు మొనవద్ద అది పదింతలై 0.5 మిల్లీమీటరు కదలికగా తెలుస్తుంది. 0.05 మిల్లీమీటరు దాదాపు సన్నని కాగితం మందం. కాబట్టి మొనవద్ద కనిపించే కదలికను చూసి వెంటనే కత్తి విరిగిపోతుందని భయపడనవసరం లేదు. అయితే కొన్న నాటితో పోలిస్తే ఆ కదలిక పెరుగుతూ ఉంటే మాత్రం ఉపేక్షించరాదు.

మూసి ఉన్నప్పుడు బ్లేడు కొద్దిగా పక్కలకు కదలడం లాక్ బలానికి సంబంధించినది కాదు. అలాగే పిడి పలుచగా ఉన్న కత్తుల్లో గట్టిగా పట్టి వంచినప్పుడు పిడి వంగి బ్లేడు కదిలినట్లు అనిపించవచ్చు. దానిని వదులుగా పొరబడరాదు.

లాక్ లేని కత్తులు

లాక్ అనేది మడతకత్తికి తప్పనిసరి భాగం కాదు. మన ఊళ్లలో తరతరాలుగా చూసిన మంగలికత్తి ఇందుకు మంచి ఉదాహరణ. అందులో బ్లేడును నిలిపేది ఇరుసు వద్ద ఉండే ఘర్షణ, పట్టుకునే వేళ్ల నేర్పు మాత్రమే. ఫ్రాన్స్‌లోని అవేరాన్ ప్రాంతంలో 1829 ప్రాంతంలో రూపుదిద్దుకున్న లాగియోల్ కత్తిలో పిడి వెన్నున ఒక స్ప్రింగు ఉంటుంది. బ్లేడును తెరిచి ఉంచడానికి అది ఒత్తిడి కల్పిస్తుందే తప్ప గడియలా అడ్డుపడదు. ఆ ఊరి పేరును ఫ్రెంచివారు ‘లాయోల్’ అని పలుకుతారు. స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్సెనర్ 1891లో సైన్యానికి సరఫరా ప్రారంభించిన జేబుకత్తుల పరంపరలోని చిన్న నమూనాలు కూడా ఇదే స్ప్రింగు పద్ధతిపై పనిచేస్తాయి.

ఇటువంటి కత్తిని వాడేవారికి బ్లేడు మూసుకోగలదన్న ఎరుక ఎప్పుడూ ఉంటుంది. అందుకే వారు వాదర వైపు మాత్రమే ఒత్తిడి పడేలా కోస్తారు. మొనతో పొడవరు, వెన్నుతో కొట్టరు. లాక్ ఉన్న కత్తి ఈ జాగ్రత్తను మరిపించే అవకాశం ఉంది.

లాక్‌లలో ప్రధాన రకాలు

ఫ్రాన్స్‌లోని సావోయ్ ప్రాంతంలో 1890లో జోసెఫ్ ఒపినెల్ చెక్కపిడితో ఒక సాదా రైతుకత్తిని రూపొందించారు. 1897లో దానిని 1 నుంచి 12 వరకు అంకెలతో పన్నెండు పరిమాణాల్లో తీసుకువచ్చారు. 1955లో మార్సెల్ ఒపినెల్ దానికి ‘వీరోబ్లాక్’ అనే ఉంగరపు లాక్‌ను జోడించారు. పిడి మొదట్లో ఉండే ఉక్కు ఉంగరంలో ఒక చీలిక ఉంటుంది. ఉంగరాన్ని తిప్పితే ఆ చీలిక పక్కకు జరిగి, బ్లేడు పిడిలోకి తిరిగి దిగే దారి మూసుకుపోతుంది. 2000 నుంచి మూసిన స్థితిలోనూ లాక్ చేసుకునే సదుపాయం వచ్చింది. నిర్మాణం సరళం కావడం దీని బలం. ఉంగరాన్ని చేత్తో తిప్పడం మరిచిపోతే లాకే లేనట్లు కావడం దీని పరిమితి.

వెన్ను లాక్‌లో పిడి వెన్నున ఉన్న కమ్మీ కొక్కెం బ్లేడు మొదట్లోని గాడిలో పడుతుంది. కమ్మీని నొక్కితే కొక్కెం లేచి బ్లేడు విడుదలవుతుంది. ఈ పద్ధతి పాతదే అయినా, 1964లో అమెరికాకు చెందిన బక్ సంస్థ తెచ్చిన 110 నమూనాతో విస్తృత ప్రాచుర్యం పొందింది. ఇందులో స్వల్ప నిలువు వదులు కనిపించడం అరుదు కాదు. గాడిలో దారపు పీచు, మట్టి చేరితే కొక్కెం పూర్తిగా దిగదు. తెరిచేటప్పుడు వినిపించే చప్పుడు ఒక్కటే లాక్ పడిందనడానికి రుజువు కాదు.

లైనర్ లాక్‌లో పిడి లోపలి లోహపు పట్టీ పక్కకు వంగి బ్లేడు మొదలు వెనుక నిలుస్తుంది. దీని ఆధునిక రూపాన్ని 1980ల తొలినాళ్లలో అమెరికా రూపకర్త మైకేల్ వాకర్ తీర్చిదిద్దారు. పిడి పలకనే లాక్‌గా మలిచే ఫ్రేమ్ లాక్‌ను క్రిస్ రీవ్ ప్రచారంలోకి తెచ్చారు. ఈ రెండింటిలో బ్లేడు మొదలును సాధారణంగా 7 నుంచి 10 డిగ్రీల ఏటవాలుగా చెక్కుతారు. పట్టీ అరిగేకొద్దీ ఇంకొంచెం లోపలికి జరిగి ఖాళీని తానే పూడ్చుకోవడానికి ఈ వాలు ఉపకరిస్తుంది. అయితే అదే వాలు మీద పట్టీ జారిపోకుండా ఆపేది ఘర్షణ. 8 డిగ్రీల వాలుకు కనీసం 0.14 ఘర్షణ గుణకం అవసరం. అందువల్లనే ఇరుసుకు నూనె వేసేటప్పుడు లాక్ ముఖానికి నూనె అంటకుండా చూడాలి; అంటితే తుడిచేయాలి.

బలం వేరు, నమ్మకం వేరు

లాక్ బలాన్ని కిలోల్లో చెప్పడం అసంపూర్ణం. బరువు ఎంతన్నదే కాక, ఇరుసు నుంచి ఎంత దూరంలో పనిచేస్తోందన్నదీ ముఖ్యం. భౌతికశాస్త్రంలో దీనిని బలభ్రామకం లేదా టార్క్ అంటారు. బ్లేడును పట్టుగొయ్యలో బిగించి, పిడి మీద ఇరుసు నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో 10 కిలోల బరువు వేలాడదీస్తే ఇరుసు వద్ద టార్క్ సుమారు 19.6 న్యూటన్ మీటర్లు అవుతుంది. లాక్ ఆనే చోటు ఇరుసుకు 8 మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటే, మీట సూత్రం ప్రకారం అక్కడ పడే ఒత్తిడి 25 రెట్లు, అంటే దాదాపు 250 కిలోల బరువుకు సమానం. చిన్న కత్తిలోని చిన్న ఉక్కు ముక్క ఇంత భారాన్ని మోయవలసి వస్తుంది.

నిదానంగా పెంచిన బరువును మోసిన లాక్ అకస్మాత్తుగా తగిలే దెబ్బను తట్టుకోకపోవచ్చు. దెబ్బకు స్ప్రింగు క్షణకాలం ఎగిరి కొక్కెం ఊడవచ్చు. గట్టి తాడును లేదా కొమ్మను కోస్తూ కత్తిని మెలిపెట్టినప్పుడు లైనర్ పట్టీ పక్కకు జారవచ్చు. గట్టిగా బిగించిన పిడికిలిలో వేలి కండ విడుదల మీటపై ఒరిగి లాక్‌ను తనంతట తానే తెరవవచ్చు. వీటిలో ఏదీ ఉక్కు విరగడం వల్ల జరిగేది కాదు. లాక్ విరిగేందుకు ఎంత బలం కావాలన్నది ఒక ప్రశ్న. విరగకుండానే విడిపోయే సందర్భాలు ఎన్ని అన్నది మరో ప్రశ్న. రోజువారీ పనిలో రెండోదే ముఖ్యమైనది.

దీని ప్రకారం ఏమాత్రం వదులు లేని కత్తి లాక్ కూడా జారవచ్చు. కొద్దిపాటి పక్కవాటు వదులున్న పాత కత్తి లాక్ గట్టిగా నిలవవచ్చు. వదులు ఒక సంకేతమే కానీ తీర్పు కాదు.

తీరప్రాంతంలో అదనపు జాగ్రత్తలు

పుదుచ్చేరిలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు, మిగతా కాలంలోనూ సముద్రపు తేమ ఉంటాయి. చెక్కపిడి తేమను పీల్చి ఉబ్బితే ఒపినెల్ వంటి కత్తుల్లో బ్లేడు బిగుసుకుని తెరుచుకోదు. అటువంటప్పుడు పిడి చివరను గట్టి వస్తువుపై తట్టి బ్లేడు మొదలును బయటికి రప్పించడం సావోయ్ వాసుల పాత చిట్కా. అదే పిడి ఎండాకాలంలో ఎండి కుదించుకుంటే బ్లేడు వదులైనట్లు తోస్తుంది. కాబట్టి చెక్కపిడి కత్తిలో వదులును ఒక్క రోజు పరిశీలనతో నిర్ణయించకూడదు.

ఉప్పు తగిలిన కార్బన్ ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది. ఇరుసులో చేరిన తుప్పు ఇసుకలా పనిచేసి వాషర్లను అరగదీస్తుంది. తరువాత వదులు మొదలవుతుంది. చేపలు, కొబ్బరి, పుల్లని పండ్లు కోసిన తరువాత కత్తిని మంచినీటితో కడిగి, తెరిచి ఉంచి పూర్తిగా ఆరనివ్వాలి. ఆ తరువాత ఇరుసు వద్ద ఒక చుక్క నూనె చాలు. తీరంలో వాడేవారికి స్టెయిన్‌లెస్ ఉక్కు బ్లేడు అనుకూలమే అయినా, దాని ఇరుసులోనూ ఉప్పు పేరుకుంటుందని మరువరాదు.

ఎలా పరీక్షించాలి?

లాక్ బలం చూడడానికి బ్లేడు వెన్నును బల్లకేసి కొట్టే అలవాటు కొందరిలో ఉంది. ఇది రెండు విధాలా హానికరం. మంచి లాక్ కూడా దెబ్బలకు చితికి వదులవుతుంది. విఫలమైతే బ్లేడు వేళ్లపైనే మూసుకుంటుంది. అందుకు బదులుగా ఈ క్రమాన్ని పాటించవచ్చు:

• బ్లేడును నిదానంగా తెరిచి లాక్ పూర్తిగా పడిందా అని వెలుతురులో కంటితో చూడాలి. గాడిలో చెత్త ఉంటే పొడి కుంచెతో తీసివేయాలి.

• పక్కలకు, ఆపై నిలువుగా మెల్లగా కదిపి వదులు ఏ దిశలో ఉందో గుర్తించాలి.

• పిడిని రెండు చదును పక్కల మీద మాత్రమే పట్టుకుని, బ్లేడు దిగే గాడికి ఎదురుగా ఒక్క వేలూ లేకుండా చూసుకోవాలి. మడతపెట్టిన తువ్వాలు మీద బ్లేడు వెన్నును నిదానంగా ఒత్తాలి. లాక్ కదిలినా, ‘టిక్’మని జారినా ఆ కత్తిని వాడకూడదు.

• పక్కవాటు వదులు ఉంటే మరను కొద్దికొద్దిగా బిగించి, ప్రతిసారీ బ్లేడు సాఫీగా తిరుగుతోందో లేదో చూడాలి. రివెట్టు కత్తి అయితే పని తెలిసినవారికి అప్పగించడం మేలు.

• బిగించినా నిలువు వదులు పోకపోతే అది లాక్ లోపమని గ్రహించి తయారీదారుకు పంపాలి లేదా కత్తిని పక్కన పెట్టాలి.

చట్టం ఏమంటోంది?

ఆయుధ నిబంధనలు–2016 మొదటి షెడ్యూలులోని ఐదో వర్గం ప్రకారం 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు గల బ్లేడు ఆయుధాలు నియంత్రణ పరిధిలోకి వస్తాయి. ఇంటి, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు తయారైన వాటికి మినహాయింపు ఉంది. బ్లేడు 8.5 సెంటీమీటర్లు మాత్రమే ఉండే ఒపినెల్ 8వ నంబరు వంటి జేబుకత్తి ఈ కొలతకు చాలా దిగువన ఉంటుంది.

అయితే ఆయుధ చట్టం–1959లోని 4వ సెక్షన్ కింద నిర్దిష్ట ప్రాంతాలకు ప్రత్యేక ఆంక్షలు విధించే వీలుంది. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ఇందుకు ఉదాహరణ. యాంత్రిక అమరికతో తెరుచుకునే లేదా మూసుకునే, 7.62 సెంటీమీటర్లు ఆపైన పొడవు, 1.72 సెంటీమీటర్లు ఆపైన వెడల్పు గల గరారీదార్, బటన్‌దార్ చాకులను అది నియంత్రిస్తుంది. హిందీ సినిమాల ద్వారా దేశమంతటికీ తెలిసిన రాంపురీ చాకు ఈ కోవకు చెందినదే. అందువల్ల కత్తితో ఇతర రాష్ట్రాలకు వెళ్లేవారు అక్కడి ఉత్తర్వులను తెలుసుకోవడం అవసరం. విమానంలో చేతి సంచిలో కత్తులను అనుమతించరు.

బ్రిటన్‌లోని తెలుగువారు గమనించవలసిన అంశం మరొకటి ఉంది. అక్కడ 3 అంగుళాలకు మించని వాదర గల మడత జేబుకత్తిని బహిరంగ ప్రదేశంలో కారణం చూపకుండా వెంట ఉంచుకోవచ్చు. కానీ లాక్ పడే కత్తి ఆ మినహాయింపు కిందికి రాదని హారిస్ కేసులో అక్కడి న్యాయస్థానం స్పష్టం చేసింది. వేళ్లను కాపాడే లాకే అక్కడ చట్టం దృష్టిలో కత్తి వర్గాన్ని మార్చివేస్తుంది.

గాయమైతే…

బొటనవేలు మినహా ప్రతి వేలి లోపలివైపున దానిని ముడిచే రెండు స్నాయువులు, ఇరుపక్కలా నరాలు, రక్తనాళాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి. కత్తి మూసుకున్నప్పుడు తెగే చోటు సరిగ్గా ఇదే. పైకి చిన్న గీతలా కనిపించినా, వేలు ముడుచుకోకపోయినా, మొద్దుబారినా లోపల స్నాయువు లేదా నరం తెగి ఉండవచ్చు.

శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచాలి. రక్తం ఆగడానికి పసుపు, కాఫీపొడి వంటివి గాయంలో నింపకూడదు. వాటివల్ల శుభ్రపరచడం కష్టమై ఇన్‌ఫెక్షన్‌కు దారితీయవచ్చు. ధనుర్వాతం టీకా విషయం వైద్యుని అడగాలి. స్నాయువు తెగితే సాధ్యమైనంత త్వరగా శస్త్రచికిత్స జరగాలి. పుదుచ్చేరిలోని జిప్మర్ వంటి ఆసుపత్రుల్లో ఇందుకు ప్లాస్టిక్ సర్జరీ విభాగాలు ఉన్నాయి. అతికించిన వేలికి పూర్తి బరువు పని అప్పగించడానికి సాధారణంగా మూడు నెలలు పడుతుంది. చేతిపనితో బతికేవారికి అది మూడు నెలల జీవనోపాధి.

ఏ లాక్ ఉన్నా మడతకత్తిని ఎప్పుడైనా మూసుకోగల పనిముట్టుగానే భావించి వాడడం క్షేమం. గుచ్చడానికి, మెలిపెట్టడానికి, పెకలించడానికి, వెన్నుపై కొట్టి చీల్చడానికి మడత లేని కత్తిని గానీ, ఆ పనికి తగిన వేరే పనిముట్టును గానీ ఎంచుకోవాలి.